మెట్ల కింద దేవవ్వ

“ఈ చేతులు ఎవరివి?” అని అడిగింది నిరోష.

ఫ్యాను గాలికి డైనింగ్ టేబుల్ మీది ఫొటో అంచులు లేస్తుంటే, రమేశ్ ఒక మూల ఉప్పుడబ్బా, ఇంకో మూల తన ఫోనూ పెట్టాడు.

ఫొటోలో దేవవ్వ ఎర్రంచు పట్టుచీర కట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. మెడలో రెండు పేటల గొలుసు. వెనకాల నీలంరంగు తెర. ఒడిలో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు తెల్లగా, నున్నగా ఉన్నాయి. వేళ్లకు ఉంగరాలు కూడా ఉన్నాయి.

ముఖం ఒక్కటే దేవవ్వది. తొమ్మిది రోజుల కింద ఇదే ఇంట్లో, వంటగది గడప దగ్గర, ఛాతీ పట్టుకుని ఒరిగిపోయిన దేవవ్వది.

“చేతులేంది నిరోషా, చేతులు?” అన్నాడు రమేశ్. “మొకం మంచిగొచ్చిందా లేదా, అది చూడు. ఎల్లుండి దినాలు. గోడకు పటం లేకుంటే వచ్చినోళ్లు దేనికి దండం పెడతరు?”

“అత్తమ్మ చూపుడువేలి గోరు రెండుగ చీలి ఉంటది. కుట్టుమిషన్ సూది దిగిన వేలు. గిండ్ల అది ఏది?”

“అది కనపడాల్నా అందరికి?”

“కనపడితే తప్పేంది?”

రమేశ్ అక్క మధులత టీ గ్లాసులు సింకులో వేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తల్లి పోయిందని తెలిసి సిరిసిల్ల నుంచి కట్టుబట్టలతో వచ్చిన మనిషి. ఆ రోజు నుంచీ ఈ ఇంటి పొయ్యి ఆమె చేతిలోనే ఉంది.

“నాకైతే మంచిగనే కనపడుతున్నది,” అందామె మెల్లగా, ఫొటో మీదికి వంగి. “అమ్మ గిట్ల ఎన్నడన్న కూసున్నదా? కూసోలే. గందుకే మంచిగున్నది.”

“వదినా, నేను తీసిన ఫొటో గిది కాదు.”

“ఎరుకే. మెట్ల కింద మిషన్ దగ్గర తీసినవు. చూసిన.”

“మరి?”

మధులత ఫొటోలోని చీర అంచును వేలితో ఒకసారి నిమిరింది, నిజంగా బట్టను నిమిరినట్టే.

“మా ఇంట్ల మూడు తరాలు మగ్గం నేసిన్రు నిరోషా. ఊరందరి పెండ్లి చీరెలు మా మగ్గం గుంతలకెల్లి పోయినయి. మా అమ్మకు ఒక్క పట్టుచీరె లేకుండె. నా పెండ్లిల సుత పక్కింటి వాళ్లది అడిగి కట్టుకున్నది, పెండ్లి కాంగనె ఉతికి ఇచ్చొచ్చింది. పోయినంకనన్న కట్టుకోనియ్యి. ఫొటోలనేగా.”

పొద్దున్నుంచీ భర్తతో వాదించడానికి నిరోష కూడబెట్టుకున్న మాటలేవీ ఆడబిడ్డ ముందు పనికిరాకుండా పోయాయి.

రమేశ్‌కు అది అవకాశంగా దొరికింది.

“విన్నవా? అక్క సుత అంటున్నది. ఇగ ఊకో. దుర్గేష్‌కు ఫోన్ చేసి పెద్ద ప్రింటుకు ఓకే చెప్త.”

“ఫొటో నేను తీసిన. నన్నొక మాట అడగకుండ నా కంప్యూటర్లకెల్లి తీస్కపోయిన్రు.”

“మా అమ్మ ఫొటో తీస్కపోనీకి నిన్ను అడగాల్నా?”

నిరోష ఫొటోను తనవైపు తిప్పుకుంది.

నిజానికి దేవవ్వకు వేరే ఫొటో లేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది దేవవ్వ అంటే దేవవ్వే నమ్మలేదు. రమేశ్, నిరోషల పెళ్లి ఆల్బంలో ఆమె ఉన్న మూడు ఫొటోల్లోనూ తల దించుకుని ఏదో ఒక పని చేస్తూనే ఉంది. మిగిలింది నాలుగు నెలల కింద నిరోష తీసిన ఒకే ఒక్కటి.

పెళ్లికి ముందు నిరోష పాస్‌పోర్టు ఫొటోల స్టూడియోలో పనిచేసింది. తెల్లగోడ ముందు మనుషుల్ని నిలబెట్టి, గడ్డం పైకెత్తమని చెప్పి చెప్పి విసుగొచ్చింది. రెండేళ్లుగా కెమెరా పట్టుకుని మనుషుల దగ్గరికే పోతోంది. పంజాగుట్ట చౌరస్తాలో చెప్పులు కుట్టే ఆయన్ని ఆయన గొడుగు కిందే తీసింది. హాస్టల్ వంటామెను ఆ పొగలోనే తీసింది. ఒకటి రెండు పత్రికల వాళ్లు వేశారు కూడా.

కోడలు చేసేది చూసి చూసి, ఒకరోజు దేవవ్వే అడిగింది.

“నన్నెప్పుడు తీస్తవే?”

“మీరెప్పుడంటె అప్పుడే అత్తమ్మా.”

“మిషన్ సుత వస్తదా గండ్ల?”

“వస్తది.”

“మెట్లు?”

“మెట్లు సుత వస్తయి.”

“అట్లయితే తియ్యి,” అంది దేవవ్వ. కొంగుతో మిషన్ అంతా ఒకసారి తుడిచి, మెడలో వేలాడే టేపు సర్దుకుని కూర్చుంది.

ఆ మాటే ఇప్పుడు నిరోష మళ్లీ చెప్పింది. “మిషన్ ఉండాలె, మెట్లుండాలె అని అత్తమ్మనే నోరు తెరిచి అడిగింది. నేను పెట్టిన రూలు కాదది.”

“నీతో అన్నదా? నాతోనెందుకు అనలే?”

“మీరు ఆ మెట్ల దగ్గర ఎన్నడు ఆగిన్రు, మీతో అననీకి?”

అమీర్‌పేటలో ఒక నాలుగంతస్తుల కాంప్లెక్సు మెట్ల కింద దేవవ్వ మిషన్ పెట్టుకుని ఇరవై ఏళ్లు. అదే కాంప్లెక్సు మూడో అంతస్తులో, కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో రమేశ్ చేరి ఆరేళ్లు. కింద తల్లి ఇంటర్వ్యూలకు పోయే పిల్లల ప్యాంట్లు పొడవు తగ్గించి కుట్టేది. పైన కొడుకు అదే పిల్లలకు పాఠం చెప్పేవాడు. ఆమె అతని తల్లి అని అక్కడ ఎవరికీ తెలియదు.

రమేశ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“ఎవలకు చెప్పకురా, నీ నౌకరికి అడ్డమైతదని అమ్మనే అన్నది. నీకెరుకనే గదా?”

“ఎరుకే. అత్తమ్మ గట్లన్నది. మీరు సరే అన్నరు.”

మధులత తమ్ముడి ముఖంలోకీ మరదలి ముఖంలోకీ మార్చి మార్చి చూసింది. ఈ సంగతి ఆమెకు కొత్త.

“ఏందిరా రమేశూ? ఒక్క బిల్డింగుల ఉండి పలకరించుకోకపోయేదా మీరు?”

“అక్కా, నువ్వు జర ఆగు.” అన్నాడు రమేశ్. “ఎల్లుండి మా రామ్మోహనరావు సార్ వస్తడు. ఇన్‌స్టిట్యూట్ ఆయనదే. స్టాఫ్ అంత వస్తరు. ఆ ఫొటో చూస్తె, రోజూ మా మెట్ల కింద కూసున్న మనిషి వీడి తల్లా అనరా? అన్నా పర్వలే అనుకో. వాళ్లు ఒక్కపూట ఉండి పోతరు. తెల్లారి నుంచి నేనుండాలె గదా ఈ ఇంట్ల. ఆ మెట్లు నాకు రోజూ గోడ మీద కనపడాల్నా?”

కింద వీధిలో నీళ్ల ట్యాంకర్ వెనక్కి తీస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

అంతసేపూ బాల్కనీ పక్క పీట మీద కూర్చున్న ధర్మయ్య, దేవవ్వ భర్త, అప్పుడు లేచాడు. తొమ్మిది రోజుల గడ్డం. చొక్కా గుండీలు పైకీ కిందకీ పడ్డాయి. మేకుకు వేలాడుతున్న తాళంచెవి తీసుకుని, చెప్పులేసుకుని, ఎవరివైపూ చూడకుండా తలుపు తీసుకుని వెళ్లిపోయాడు.

“బాపు ఛాయ్‌కి పోతున్నట్టుండు,” అంది మధులత.

నిరోష కెమెరా సంచి భుజానికి తగిలించుకుంది.

“నువ్వెటు?” అన్నాడు రమేశ్.

“దుర్గేష్ దగ్గరికి. పెద్ద ప్రింటు ఆపనీకి.”

“ఆపితె మంచిగుండదు, చెప్తున్న.”

“ఆపకున్నా మంచిగుండదు,” అని ఆమె మెట్లు దిగింది.

*

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా మెట్రో స్తంభాల వెంట నడిచే పోయింది. ఆటోలో కూర్చుంటే ఏడుపొస్తుందని భయం. నడుస్తుంటే కోపం కోపంగానే ఉంటుంది.

దుర్గేష్ ప్రింటింగ్ షాపు హాస్టల్ బోర్డుల మధ్య ఇరుకు సందులో ఉంది. ఒకపక్క ఫ్లెక్సీలు, ఒకపక్క ఫొటో ఫ్రేములు. నిరోష తన ప్రింట్లన్నీ అక్కడే తీయిస్తుంది కాబట్టి అతనికి ఆమె పని తెలుసు. ఆమెను చూడగానే స్టూలు మీద నుంచి లేచాడు.

“అక్కా, నన్నేమనకు. సార్ చెప్పిండు, చేసిన.”

“ఆ చేతులెవరివి దుర్గేష్?”

అతను తల గోక్కున్నాడు. “ఎవరివో నాకు సుత తెల్వదక్కా. పట్టుచీర బాడీ ఒకటి రెడీగ ఉంటది మా దగ్గర. మొకం మార్చుడే. గీ నెలల ముగ్గురికి పెట్టిన అదే.”

“ముగ్గురు అత్తలకు ఒక్కటే ఒళ్లా?”

“అందరికి నచ్చుతదక్కా. ఎవరూ అడగలే, నువ్వే అడిగినవు.”

నిరోషకు నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. మధులత ఆ చీర అంచును వేలితో నిమరడం గుర్తొచ్చింది.

“నా ఒరిజినల్ పెట్టు. సార్ ఇచ్చిన ఫైలు ఉన్నది గదా?”

దుర్గేష్ వెతికి తెరిచాడు. పెద్ద స్క్రీన్ నిండా మెట్లు పరుచుకున్నాయి. కింద ఎడమవైపు, మెట్ల ఏటవాలు నీడలో దేవవ్వ. ముందు మిషన్, పక్కన ప్లాస్టిక్ బుట్టలో మడతపెట్టిన ప్యాంట్లు, ఒక్కోదానికి గుండుసూదితో పేరు రాసిన చీటీ. గోడ మీద ఉద్యోగాల ప్రకటనలు. చీలిన గోరున్న వేలు బట్టను నొక్కి పట్టుకుని ఉంది.

నాలుగు నెలల్లో నిరోష ఆ ఫొటోను ఫోనులో వందసార్లు చూసి ఉంటుంది. కానీ ఫోనులో ఉన్నది దేవవ్వ చుట్టూ కత్తిరించి పెట్టుకున్నది. మొత్తం ఫొటోను ఇంత పెద్దగా చూడటం ఇదే మొదటిసారి.

“పైన మూలకు జరుపు,” అంది ఉన్నట్టుండి.

“ఏం కావాలె అక్కా?”

“ఆ మనిషి. మెట్లెక్కుతున్నడు చూడు. ఇంకా పెద్దగ చెయ్యి.”

ఆకాశం రంగు చొక్కా. వీపు. భుజానికి గోధుమరంగు బ్యాగు. ఆ బ్యాగు పట్టీ ఒకపక్క తెగితే నల్లదారంతో కుట్టి ఇచ్చింది దేవవ్వే. ఆ నల్లదారం కూడా కనిపిస్తోంది.

నిరోష కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఫొటో తీసిన రోజు పొద్దున డెమో క్లాసుందని రమేశ్ ఆమెకంటే ముందే ఇంట్లోంచి బయల్దేరాడు. దారిలో టిఫిన్‌కు ఆగి ఉంటాడు. ఆమె మెట్ల ముందు వెలుతురు కోసం చూస్తూ, దేవవ్వ ముఖం మీదే కన్నుపెట్టి కూర్చుంది. ఆమె వెనక నుంచే వచ్చి, తల్లి పక్క నుంచే ఎక్కిపోయి ఉంటాడు. ఆగలేదు. పిలవలేదు. ఆమె బటన్ నొక్కింది.

ఫొటో ఎత్తుకుపోయి ఈ స్క్రీన్ ముందే కూర్చున్నప్పుడు రమేశ్ ఇది చూసి ఉంటాడు. ఆ మెట్లు నాకు రోజూ గోడ మీద కనపడాల్నా అన్నది ఇందుకు.

“సారేనా అక్కా?” అన్నాడు దుర్గేష్ గొంతు తగ్గించి. జవాబు రాకపోయేసరికి తనకు తోచిన దారి చెప్పాడు. “ఆయన్ని తీసేద్దామా? రెండు నిమిషాల పని. మెట్లు మెట్లలెక్కనే ఉంటయి. మిషన్ ఉంటది, చేతులుంటయి. సార్ ఖుష్, నువ్వు సుత ఖుష్.”

మంచి మార్గమే. ఇంట్లో తగవు అక్కడితో తీరిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. నిరోష ఒక్క క్షణం సరే అనబోయింది.

అప్పుడు దేవవ్వ కళ్లు చూసింది.

దేవవ్వ కెమెరావైపు చూడటం లేదు. ఫోనులో చిన్నగా చూసినప్పుడు తనవైపే చూసి నవ్వుతోందనుకుంది. కాదు. చూపు కొంచెం పైకి, పక్కకి ఉంది. పెదవుల చివర ఆ చిన్న నవ్వు మెట్లెక్కిపోతున్న వీపు కోసం. ఇల్లంతా ఎంత మంచిగొచ్చిందో అని మురిసిన ముఖం, రమేశ్ కోసి పట్టుచీరకు అతికించిన ముఖం, అదే.

“ఒద్దు,” అంది నిరోష.

“ఏది ఒద్దు?”

“ఏదీ తియ్యకు. ఎట్లున్నదో అట్ల, మూలలతో సహా వెయ్యి. సార్ చెప్పిన సైజే. ఇప్పుడు నాకొక చిన్న ప్రింటు ఇయ్యి.”

“సార్ ఒద్దంటె?”

“సార్‌తో నేను మాట్లాడత. నీ మీదికి రానియ్య.”

ప్రింటు కవరులో పెట్టి ఇస్తుండగా ఆమె ఫోను మోగింది. మధులత.

“నిరోషా, బాపు ఇంకా రాలే. ఛాయ్ బండి దగ్గర లేడు. రమేశ్ ఎతకనీకి పోయిండు. బాపు ఫోను ఇంట్లనే పెట్టి పోయిండే. నాకు కాళ్లు చేతులాడతలేవు.”

“మేకుకు మిషన్ తాళంచెవి ఉన్నదా చూడు వదినా.”

కాసేపు అలికిడి. “లేదు.”

“ఫికర్ చెయ్యకు. ఎక్కడున్నడో నాకు తెలుసు. మీ తమ్మునికి సుత చెప్పు, మెట్ల దగ్గరికి రమ్మను.”

*

మిషన్‌కు కట్టిన గొలుసు విప్పి ఉంది. పైన కప్పిన పట్టా మడత పెట్టి ఉంది. దేవవ్వ స్టూలు మీద ధర్మయ్య కూర్చుని, కళ్లద్దాలు ముక్కు మీదికి దించి, ఒక బూడిదరంగు ప్యాంటు కాలు మడిచి చేత్తో కుట్టుకుంటూ పోతున్నాడు. మిషన్ తొక్కడం ఆయనకు రాదు. కానీ నలభై ఏళ్లు మగ్గం మీద తెగిన పోగు అతికిన వేళ్లు, సూదికి కొత్త కాదు.

ఎదురుగా ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. ఒకడు పొడవాటి కుర్రాడు, చేతిలో ఫైలు. పక్కన హాస్టల్ అమ్మాయి.

“ఏమైంది తాతా, ఇన్ని రోజులు బంద్ పెట్టిన్రు?” అంటోంది ఆ అమ్మాయి. “నేను రెండుసార్లొచ్చి పోయిన. అవ్వ ఏది?”

“అవ్వ లేదు బిడ్డా. కాలం చేసింది.” ధర్మయ్య తలెత్తకుండానే చెప్పాడు. “నీ పేరేంది?”

“హైందవి,” అంది ఆ పిల్ల.

“నీది కుర్తా. సంకల కాడ ఇప్పుమన్నవు. మాకు ఇంట్ల చావైంది, మైలల ఉన్న. నేను ముట్టుకున్నది నీకు పట్టింపైతే కుట్టకుండనే ఇస్త, తీస్కపో.”

“పట్టింపేం లేదు తాతా.”

“అయితే జర కూసో.”

నిరోష ముందుకొచ్చింది. ధర్మయ్య చూసి, ఆశ్చర్యపడలేదు. బుట్ట ఆమెవైపు నెట్టాడు.

“రాంగనె లెక్క చూసిన. పదకొండు మంది బట్టలున్నయి. ఇద్దరు కుట్టకుండనే తీస్కపోయిన్రు. ఒకటి కుట్టిన. ఆమె పోయిందని వీళ్ల ఇంటర్వ్యూలు ఆగుతయా? చీటీల మీద తారీఖులు దాటుతున్నయి.”

“మామయ్యా, ఇంట్ల అందరు పరేషాన్ అయితున్నరు.”

“అయితరు.”

“ఇందాక మీరు ఒక్క మాట అంటె తగవు తెగిపోతుండె.”

“ఏమనాలె?” ఆయన దారం పంటితో తెంపాడు. “పట్టుచీరె ఒద్దని బిడ్డకు చెప్పన్నా? మెట్లు చూడమని కొడుక్కు చెప్పన్నా? నాకు మాటలు రావు నిరోషా. నాకు ఇవే తెలుసు. గీ బట్టలు ఆమె ఒప్పుకున్నది. ఎవలకీయాల్సినవి వాళ్లకిచ్చి, దినాల నాడు ఆమె ముందట కూసుంట.”

నిరోష కవరులోంచి ప్రింటు తీసి ఆయన ముందు పట్టింది. చూపించాలా వద్దా అని దారంతా ఆలోచించింది. ఇప్పుడు ఆలోచించలేదు.

ధర్మయ్య కళ్లద్దాలు పైకి నెట్టుకుని చూశాడు. దేవవ్వ ముఖం మీద ఆగి, మిషన్ మీద ఆగి, ఆయన వేలు నేరుగా పైమూలకు పోయింది.

“పిలగాడు,” అన్నాడు.

“మీకు ముందే తెలుసా?”

“ఏం తెలిసేది? రోజూ గంతే గదా. తొమ్మిదింబావుకు పైకి పోతడు. వాడు పోయి, మూల తిరిగిందాక ఆమె మిషన్ తొక్కకపోయేది. నేను మిషన్ కాడ దింపి పోతుంటి, చూస్తుంటి.” ప్రింటు ఆమెకు తిరిగి ఇచ్చేశాడు. “కత్తెర అందుకో. ఆ నల్ల ప్యాంటు కాలు, సుద్ద గీత కాడికి కత్తిరించు.”

నిరోష కెమెరా సంచి పక్కన పెట్టి, కింద పరిచిన గోనెపట్టా మీద కూర్చుంది. కత్తెర అందుకుంది.

రెండు ప్యాంట్లు అయ్యేసరికి రమేశ్ వచ్చాడు.

సందు మొదట్లో తండ్రిని చూసి పరుగులాంటి నడకతో వచ్చినవాడు, మెట్ల దగ్గరికి రాగానే ఆగిపోయాడు. ఫైలు పట్టుకున్న కుర్రాడు ఎదురెళ్లి చేతులు కట్టుకున్నాడు.

“రమేశ్ సార్, నమస్తే సార్. నేను భార్గవ్, మార్నింగ్ బ్యాచ్. మీ అమ్మగారు పోయారని ఆఫీసులో చెప్పారండి. చాలా బాధేసింది సార్.”

రమేశ్ తలూపాడు.

“ఇక్కడ కుట్టే అవ్వ కూడా పోయిందంట సార్, అదే రోజుల్లో. రేపు నాకు ఇంటర్వ్యూ. ప్యాంటు ఏమవుతుందో అని భయపడ్డాను. ఈ తాతగారు కూర్చుని కుడుతున్నారు, పాపం.” భార్గవ్ పక్కకు జరిగి చోటిచ్చాడు. “మీరూ ఆవిడకి బట్టలిచ్చారా సార్?”

నిరోష చేతిలో కత్తెర ఆగింది. ధర్మయ్య సూది ఆగలేదు.

రమేశ్ తండ్రివైపు చూశాడు. గోడ మీది ప్రకటనలవైపు చూశాడు.

“ఆఁ. ఒక ప్యాంటు,” అన్నాడు.

ఇప్పుడు ఆగింది సూది.

ధర్మయ్య చేతిలోని బట్టను మోకాలి మీద పెట్టాడు. కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. తలెత్తి కొడుకును చూసినప్పుడు ఆ చూపులో కోపం లేదు. గిరాకీకి వచ్చిన మనిషిని చూసినట్టే చూశాడు.

“ఏ రంగుది సార్?”

రమేశ్ పెదవులు కదిలాయి. బాపూ అనే మాట అక్కడిదాకా వచ్చి ఆగిపోయింది.

“నల్లది,” అన్నాడు, వినపడీ వినపడకుండా.

ధర్మయ్య బుట్ట ముందుకు లాక్కుని, మడతలు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. “నల్లయి మూడున్నయి సార్. పేరు చెప్పుండ్రి. చీటీ మీద చూస్త.”

భార్గవ్, హైందవి ఇద్దరూ రమేశ్‌వైపే చూస్తున్నారు. పేరు చెప్పడానికి ఇంతసేపు ఎందుకో వాళ్లకు అర్థం కాలేదు.

“తర్వాత వస్త,” అన్నాడు రమేశ్. ఎవరితో అన్నాడో తెలియదు. ఎదురుగా ఉన్నవి మెట్లు. ఆరేళ్లుగా కాళ్లకు అలవాటైన మెట్లు. ఎక్కడం మొదలుపెట్టాడు.

ఒకటి. రెండు. మూడు.

నిరోష లేచి నిలబడింది. ఒడిలోని సుద్దపొడి, దారపు ముక్కలు కింద రాలాయి. నాలుగేళ్ల కాపురంలో బయట ఎక్కడా భర్తను గట్టిగా పిలిచిన మనిషి కాదు ఆమె. పిలిస్తే ఏమవుతుందో తెలుసు. ఇంటికెళ్లాక ఏం వినాల్సి వస్తుందో అదీ తెలుసు.

“ఏమండీ!”

సందులో జిరాక్సు షాపు ముందు నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు.

“మామయ్య పేరడుగుతున్నడు. చెప్పి పోండ్రి.”

భార్గవ్ ఆమెను చూశాడు. ధర్మయ్యను చూశాడు. మెట్ల మీద ఉన్న తన సార్ వీపును చూశాడు. అతని చేతిలో ఫైలు కిందికి జారింది. హైందవి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఆరో మెట్టు మీద రమేశ్ ఆగిపోయాడు. చేయి రెయిలింగ్ మీద ఉంది. పైకి పోలేదు. వెనక్కి తిరగనూ లేదు.

నిరోష ఫొటో ఉన్న కవరు అందుకుని మొదటి మెట్టు ఎక్కింది.